పల్లె పాట నుంచి సొంత టీం దాకా: జానపద గాయకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోగ్రాం అయిపోయి మేం వైర్లు చుట్టుకుంటుంటే స్టేజీ వెనక్కి ఎవరో ఒకరు వస్తారు. ఒక్కోసారి పదో తరగతి పిల్లాడు, ఒక్కోసారి కూతురిని వెంటబెట్టుకొచ్చిన తల్లి, ఒక్కోసారి నలభై దాటిన ఆటో అన్న. అడిగేవి మాత్రం అవే. వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజే మళ్లీ మళ్లీ పెట్టి విసుగొచ్చి అన్నీ ఒక్కచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేను మెదక్ వైపువాణ్ని, మా టీంలో ఏడుగురం. అందుకే ఉదాహరణలు తెలంగాణవే ఎక్కువ పడ్డాయి. ఉత్తరాంధ్ర, రాయలసీమ వాళ్లు మీ వైపు పాటల్ని తలుచుకుని చదువుకోండి.

## చిన్నతనం

మా ఇంట్లో ఎవరూ పాడరు. నాకు జానపదం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మాట అన్నవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను. మీ నాయనమ్మ బతుకమ్మ ఆడేదా? నాట్లప్పుడు మీ అమ్మ నోరు కదపకుండానే వంగి నాటేదా? సగం మంది అక్కడే నవ్వేస్తారు. మన దగ్గర పాట స్టేజీ మీద పుట్టలేదు. నాటుకో పాట, కలుపుకో పాట, మోటకో పాట, దంపుడుకో పాట. జోల వేరు, అప్పగింత వేరు. చావింట్లో ఏడుపుకూ ఒక వరస ఉంది. అవి పాడినవాళ్లు తమని గాయకులని ఎప్పుడూ అనుకోలేదు. అందుకే మీకు ఇంట్లో ఎవరూ పాడరనిపిస్తుంది.

ఈసారి బతుకమ్మ తొమ్మిది రోజులూ ఓ పక్కన నిలబడి వినండి. ఒకావిడ ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అనో "చందమామ" అనో అందుకుంటారు. వాళ్లు అందుకున్న ఆ రెండు క్షణాల్లో ఎత్తుకున్నావిడ తర్వాతి ముక్క గుర్తు తెచ్చుకుంటుంది. పుస్తకం లేకుండా గంటసేపు పాడగలిగే ఏర్పాటు ఆ పాటలోనే ఉంది. నాకు పాట కట్టడంలో మొదటి పాఠం అదే.

మా పాపకి తొమ్మిదేళ్లు. ముందు కర్ణాటక సంగీతం నేర్పించాలా?

నేర్పిస్తే నష్టం లేదు, శ్రుతీ తాళమూ గట్టిపడతాయి. కానీ గమకాలకు అలవాటుపడిన గొంతు నాటు పాటని కూడా చెక్కి చెక్కి పాడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, పొలంలో పాడినట్టుండదు. వారానికి రెండు రోజులు క్లాసుకి పంపి, సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో వదిలేయండి. రెండు గొంతుల్నీ వేరువేరుగా పెట్టుకోవడం పెద్దవాళ్లకన్నా పిల్లలకే తొందరగా వస్తుంది.

ఇంకో సంగతి: కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. కనుమరుగవుతున్న కళారూపాలు నేర్చుకునే పిల్లలకూ అవకాశం ఉంది. మన పల్లెల నుంచి అప్లై చేసేవాళ్లు నాకైతే పెద్దగా కనపడలేదు. పాపకి పదేళ్లు నిండగానే నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి.

బాబు గొంతు మారుతోంది. పాడటం ఆపించాలా?

పూర్తిగా ఆపక్కర్లేదు. శ్రుతి దించి, కొద్దిసేపే పాడించండి. పై స్థాయి అందలేదని గొంతు చించుకోనివ్వకండి. ఆ రోజుల్లో చేతికి డప్పో డోలక్కో ఇవ్వడం మంచిది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆగస్టు 15న బళ్లో పాడుతుంటే గొంతు రెండు ముక్కలై అందరూ నవ్వారు. రెండేళ్లు పాట జోలికి పోలేదు, మా బాబాయి వెనక తిరిగి డప్పు నేర్చుకున్నాను. ఇప్పుడు నా పాటలో నడక బాగుందని ఎవరైనా అంటే అది ఆ రెండేళ్లలో వచ్చిందే.

నేను పెద్దగా చదువుకోలేదు. పాట రాయగలనా?

అందెశ్రీ బడి మొహం చూడలేదు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. ఆయన రాసిన పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది.

## నేర్చుకునే రోజులు

గురువు ఎందుకు, యూట్యూబ్ సరిపోదా?

యూట్యూబ్‌లో పాట దొరుకుతుంది, ఆ పాట ఎప్పుడు పాడాలో దొరకదు. డోలు కొడుతూ మల్లన్న కథ చెప్పే ఒగ్గు కథే తీసుకోండి. డోలు దెబ్బ వీడియో చూసి పట్టేయొచ్చు. కథకుడు జనం మొహాలు చూసి కథని ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ తుంచేస్తాడో తెలియాలంటే మాత్రం పక్కన కూర్చోవాల్సిందే. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు సాగుతుంది. ఒక్క సీజన్ అక్కడ తిరిగినవాడికి వంద వీడియోలు చూసినా రానిది వస్తుంది.

పాటలు సేకరించడం, భద్రపరచడం పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లో ఉంది.

ఊళ్లో పెద్దాయన ఫీజు అడగడు. అడగలేదు కదా అని ఊరుకోకండి. చాలామంది కల్లు సీసా తీసుకెళ్లి గురుదక్షిణ అయిపోయిందనుకుంటారు, నాకది నచ్చదు. బియ్యం బస్తా పట్టుకెళ్లండి, మందులు కొనివ్వండి. ఆయన పాట మీకు డబ్బు తెచ్చిన రోజు అందులో ఆయన వాటా ఆయన చేతిలో పెట్టండి.

ముసలివాళ్ల దగ్గర పాట రికార్డ్ చేసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ను మంచం మీద పెట్టకండి, అవ్వ కదిలినప్పుడల్లా నులక కిర్రుమన్న చప్పుడు పాటలో పడుతుంది. ఒక ఎత్తుపీట మీద మెత్తటి తువ్వాలు మడిచి దానిమీద పెట్టండి. మొదటిసారి పాడినప్పుడు మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకండి. మొత్తం అయ్యాక అడగండి.

రికార్డింగ్ కన్నా నోట్‌బుక్ ముఖ్యం. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తూ పాడేవాళ్లు, ఇవన్నీ రాయాలి. నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: "నాటు పాట. అవ్వకి డెబ్బై దాటాయి. తల్లిగారి ఊరి నుంచి తెచ్చుకున్నదట. మూడో చరణం గుర్తులేదు, ఆడబిడ్డని అడగమంది." ఆ ఆడబిడ్డ పక్క మండలంలో ఉంటుంది. బండేసుకుని వెళ్తే మూడో చరణం చెప్పింది. కానీ బాణీ వేరు! "మా వదినె తప్పు పాడతది" అంది. అవ్వ దగ్గరికి తిరిగొచ్చి చెబితే "దానికి మొదట్నుంచీ రాగం రాదు" అంది. రెండూ రాసుకున్నాను. ఇద్దరిలో ఎవరిది అసలుదో తేల్చడం మన పని కాదు.

వచ్చేముందు, రికార్డర్ ఆన్‌లో ఉండగానే ఇది అడగండి: "ఈ పాట నేను బయట పాడొచ్చా? మీ పేరు చెప్పొచ్చా?" కొన్ని పాటలు దేవుడి ముందే పాడాలంటారు, కొన్ని మగవాళ్లు పాడకూడదంటారు. వద్దంటే వద్దు.

ముందు ఏ వాద్యం నేర్చుకోవాలి?

నన్నడిగితే డప్పు. మేకతోలు, చెక్క వలయం, కుడిచేతిలో సిర్ర అనే పొట్టి కర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల అనే సన్న పుల్ల. లయ మొత్తం మణికట్టులోకి వస్తుంది. కాకపోతే తోలు డప్పుకి వాతావరణం పడదు. మంచు పడినా, వాన తుంపర తగిలినా తోలు వదులై 'బద్' మంటుంది. వరిగడ్డి మంట దగ్గర తిప్పుతూ కాచాలి. మరీ దగ్గర పెడితే తోలు పగులుతుంది, మరీ దూరమైతే వేడెక్కదు. వేలితో కొట్టి చూస్తూ ఉండాలి. ఖంగుమన్నప్పుడు తీసేయాలి. ఫైబర్ డప్పులు వచ్చాక ఈ గొడవ పోయింది, ఆ నాదం కూడా పోయింది.

కిన్నెర మీద మోజుతో వచ్చేవాళ్లూ ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఇది ఎక్కువైంది. సంతోషమే. కానీ అది షాపుకెళ్లి కొనుక్కునే వాద్యం కాదు. సొరకాయ బుర్రలు ఎండబెట్టి, వెదురు తెచ్చి కట్టుకోవాలి. కట్టడం తెలిసినవాళ్లు దొరికితేనే మొదలుపెట్టండి.

డప్పు పట్టుకుంటే ఇంట్లో తిడుతున్నారు. ఏం చేయాలి?

తిట్టేది డప్పుని కాదు, దాని వెనకున్న కులాన్ని. అది ఒప్పుకోకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. చావుకీ చాటింపుకీ డప్పు కొట్టడం మాదిగలకు వెట్టిగా అంటగట్టిన పని. కొన్ని ఊళ్లలో "ఇక చావుకు కొట్టం" అని ఆత్మగౌరవంతో డప్పు వదిలేసిన కుటుంబాలున్నాయి. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు స్టేజీ మీద డప్పు కొట్టి చప్పట్లు పుచ్చుకునేవాళ్లకు లేదు. మీది ఆ కుటుంబమైతే, ఇంట్లో వద్దనేది అవమానం గుర్తుండి. వాళ్లని ఒక్కసారి ప్రోగ్రాంకి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. వేరే కులమైతే, నేర్పినవాళ్ల పేరు ప్రతి స్టేజీ మీదా చెప్పండి. ఇంట్లోవాళ్ల తిట్లు భరించండి, అంతకన్నా ఎక్కువే భరించారు నేర్పినవాళ్లు.

## సొంత పాట

మాట ముందా, బాణీ ముందా?

నాకు వంత ముందు. జనం తిరిగి అనాల్సిన ఆ ఒక్క ముక్క కుదిరితే మిగతాది నడుస్తుంది. రాసిన పల్లవిని మా వాడలో పిల్లల ముందు రెండుసార్లు పాడతాను. మూడోసారి వాళ్లు అందుకోకపోతే ఆ పల్లవి చింపేస్తాను. ఒకసారి వర్షం మీద చాలా కష్టపడి, సమాసాలు పేర్చి ఒక పల్లవి రాశాను. పిల్లలు మూడోసారికి పరిగెత్తి ఆటకు పోయారు. వాళ్లలో ఒకడు "మామా, ఇది బళ్లో పద్యమా?" అన్నాడు. దానిమీద నేను పెట్టిన నాలుగు రోజులు పోయాయి గానీ అంత సూటి విమర్శ నాకు మళ్లీ దొరకలేదు.

పాత బాణీకి కొత్త మాటలు పెడితే అది నా పాటేనా?

మాటలు మీవి, బాణీ ఊరిది. ఇది దొంగతనం కాదు, మన దగ్గర పాట నడిచిన దారే ఇది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్నీ బుర్రకథనీ తీసుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో కొత్త కథలు చెప్పారు. జనానికి బాణీ ముందే తెలుసు కాబట్టి మాట నేరుగా లోపలికి వెళ్లింది. క్రెడిట్ వేసేటప్పుడు మాత్రం "సాహిత్యం" దగ్గర మీ పేరు, "బాణీ" దగ్గర "సంప్రదాయం" అని వేయండి. రెండింటి దగ్గరా మీ పేరే వేసుకుంటే ఆ బాణీ పుట్టిన ఊరివాళ్లు కామెంట్లలో వచ్చి కూర్చుంటారు, న్యాయమే.

చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట మీద హక్కు రాసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. ఎవరు కట్టారో తెలియకుండా తరతరాలుగా వస్తున్న పాటని ఎవరైనా పాడుకోవచ్చు. అయితే దాన్ని ఒక కంపెనీ రికార్డ్ చేసి ఉంటే ఆ రికార్డింగ్ మీద హక్కు వేరే ఉంటుంది, అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. పాట పాడుకోండి, వాళ్ల మ్యూజిక్ ట్రాక్ వాడుకోకండి.

అన్నిటికన్నా పెద్ద గొయ్యి ఇది: "జానపదం" అని రాసి ఉన్నంత మాత్రాన జానపదం అయిపోదు. బతికున్న కవి ముప్పై ఏళ్ల కింద రాసిన పాట జనంలో తిరిగి తిరిగి పేరు పోగొట్టుకుని ఉండొచ్చు. పాడే ముందు నలుగురు పెద్ద కళాకారులకు ఫోన్ చేయండి. "ఇది ఫలానా ఆయనది" అని వాళ్లు టక్కున చెప్పేస్తారు.

మా యాసలో రాస్తే వేరే జిల్లాల వాళ్లకు అర్థమవుతుందా?

జానపద కవి వంగపండు ప్రసాదరావు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి మనిషి. ఉత్తరాంధ్ర మాటతోనే రాశారు. ఆ పాటలు గోదావరి దాటి మా మెదక్ దాకా వచ్చాయి, మేం ఆయన యాసతోనే పాడుకున్నాం. గోరటి వెంకన్న పాలమూరు పల్లె మాటని వదలకుండా రాశారు, 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అర్థం కాని రెండు మాటలు పాటకు అడ్డం కాదు.

అడ్డమయ్యేది తెచ్చిపెట్టుకున్న యాస. నేనోసారి కొత్తగా ఉంటుందని శ్రీకాకుళం యాసలో ఒక చరణం కలిపి పాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. దిగాక పలాస వైపు నుంచి పనికొచ్చిన మేస్త్రీ ఒకాయన దగ్గరికొచ్చి, "బాబూ, పాట బాగుంది గానీ మావోళ్లు అలగనరు" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ చరణం మళ్లీ పాడలేదు.

ఉద్యోగం మానేసి పూర్తిగా పాట మీదే ఉండనా?

వద్దు. వంగపండు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూనే పాటలు కట్టారు. గద్దర్ కొన్నేళ్లు బ్యాంకులో గుమస్తా. మన ప్రోగ్రాములు సీజన్ మీద నడుస్తాయి. వినాయక చవితి నుంచి దసరా దాకా ఊపిరాడదు, జాతరలప్పుడు పని ఉంటుంది, ఎన్నికలొస్తే రెండు నెలలు కళకళ. మిగతా నెలల్లో ఫోనే మోగదు. ఆ ఖాళీ నెలల్లో ఇంటి అద్దె టెన్షన్‌తో రాసిన పాట ఎవరో ఒక నాయకుడి పొగడ్తగా మారిపోతుంది. జీతం ఉంటే "ఈ పాట పాడను" అనగలరు.

## రికార్డింగ్, యూట్యూబ్

కంపెనీ వాళ్లు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా?

ఇంటికి తెచ్చుకుని చదివాక పెట్టండి. నేను చదవకుండా పెట్టాను. పేరు చెప్పను గానీ, ఒక ఆడియో కంపెనీ ఆఫీసులో ఛాయ్ ఇచ్చారు, శాలువా కప్పారు, ఐదు వేలు చేతిలో పెట్టారు, బాండ్ పేపర్ జరిపారు. టీ చల్లారేలోపు సంతకం అయిపోయింది. రెండేళ్ల తర్వాత మా ఊరి జాతరలో నేను పాడిన వీడియో నా ఛానల్లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. నా పాట, నా గొంతు, డబ్బు వాళ్లకి. తిట్టుకున్నాను గానీ తప్పు నాదే, కాగితం మీద అంతా రాసే ఉంది.

కాబట్టి ఇవి చూడండి. ఎన్నేళ్లకు ఇస్తున్నారు? ఎక్కడెక్కడ వాడుకుంటారు? రాయల్టీ ఎంత? కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అనే మాట ఉందేమో వెతకండి. 2012 సవరణ తర్వాత, పాట రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఐపీఆర్ఎస్ అనే సంస్థలో గేయ రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుంటే ఆ వాటా వసూలు చేసే దారి ఉంటుంది.

యూట్యూబ్‌లో డబ్బులు ఎప్పుడు మొదలవుతాయి?

ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్. అప్పటిదాకా ఛానల్‌ను విజిటింగ్ కార్డు అనుకోండి. ప్రోగ్రాం మాట్లాడటానికి ఫోన్ చేసినవాడు ముందు "మీ లింక్ పంపండన్నా" అంటాడు.

క్లెయిమ్ వచ్చింది. ఛానల్ పోతుందా?

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే మామూలుగా ఆ వీడియో మీద వచ్చే డబ్బు వాళ్లకు వెళ్తుంది, అంతే. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ పోవచ్చు. పాట సంప్రదాయానిదని రుజువు చేయాల్సి వస్తే, మీరు ఎవరి దగ్గర ఎప్పుడు రికార్డ్ చేశారో తేదీతో ఉన్న ఫైల్ పనికొస్తుంది.

ఆకాశవాణి ఆడిషన్ ఇంకా ఎందుకు?

ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఎడిటింగ్ కాపాడదు. పాడింది పాడినట్టు వింటారు. బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడ్లుంటాయి. గ్రేడ్ ఉన్న కళాకారుడని చెప్పుకుంటే ప్రభుత్వ కార్యక్రమాలకు వెళ్లినప్పుడు మాటకు విలువుంటుంది.

## టీం కట్టేటప్పుడు

బ్యాండ్ అంటే గిటార్, డ్రమ్స్ ఉండాలి కదా?

ఉంటే ఉండొచ్చు. మనకు బ్యాండ్ కొత్త కాదు. బుర్రకథ చూడండి: మధ్యలో తంబురా పట్టుకుని, వేళ్లకు అందెలు పెట్టుకుని కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలనే చిన్న డోళ్లతో ఇద్దరు వంతలు, ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతులు ఎత్తుకుంటారు. ముగ్గురే, రాత్రంతా ఊరిని కూర్చోబెడతారు. గిటార్ పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట: డప్పు శ్రుతి వేడిని బట్టి బాగా మారుతుంది, గిటార్‌ది అంతగా మారదు. ప్రోగ్రాం మొదలయ్యే ముందు రెండూ కలిపి ఒకసారి వాయించి చూసుకోండి.

పెద్దవాళ్లు టీం ఎలా కట్టారు? గద్దర్ గురించి చెప్పండి.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. తూప్రాన్‌లో పుట్టారు, మొదట బుర్రకథలు చెప్పేవారు. హైదరాబాదులో, తర్వాత సినీ దర్శకుడైన బి. నర్సింగరావు ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ నడుపుతుండగా అందులోకి వచ్చారు. ఆ బృందం నుంచే 1972లో జననాట్య మండలి తయారైంది. గద్దర్ అనే పేరు బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన గదర్ పార్టీ నుంచి వచ్చింది. అంటే ఒక్కడు పేరు తెచ్చుకుని ఆపైన పక్కవాద్యాలు పెట్టుకోవడం కాదు. నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు ముందు ఉంది, అందులోంచి పాట, పాటతో పేరు.

ఆయన స్టేజీ గుర్తున్నవాళ్లకు గొంగడి, కర్ర, కాలి గజ్జెలు గుర్తుంటాయి. నేను మాత్రం ఆ పక్కన నిలబడ్డవాళ్లని చూస్తాను. ఆయన ఊపిరి తీసుకునే చోట వాళ్లు అందుకుంటారు, ఆయన మాట్లాడుతుంటే లయ తగ్గించి నిలబెడతారు, మాట ముగిసే అక్షరం మీద మళ్లీ దెబ్బ పడుతుంది. బుర్రకథ వంతలు చేసే పనే అది. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. ఆయన్ని అనుకరించేవాళ్లు గొంగడి కప్పుకుంటున్నారు గానీ, ఆ వంతల్ని తయారుచేసుకోవడం లేదు.

టీంలో ఎంతమంది ఉండాలి?

మేం ఏడుగురం. ఎందుకంటే మా బండిలో ఏడుగురే పడతారు. నవ్వొద్దు, ఎనిమిదో మనిషంటే రెండో బండి. రెండో బండి డీజిల్‌కి మిగిలింది పోతుంది.

వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలి?

టీములు పాట దగ్గర విడిపోవు, ఇక్కడ విడిపోతాయి. మేం మొదట్లో అందరికీ సమానం అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి "పాట నాది" అని నేను, "డోలక్ తోలు మార్పించింది నేను" అని ఒకడు, మొహాలు మాడ్చుకున్నాం. ఇప్పుడు పద్ధతి మార్చాం. బండి, మైకు సెట్టు, భోజనం ఖర్చు ముందు తీసేస్తాం. మిగిలినదాన్ని పది వాటాలు చేస్తాం. ఏడుగురికి ఏడు. ఎనిమిదోది ఆ రోజు పాడిన పాటలు కట్టినవాళ్లకి. పాట ఎవరో అవ్వ దగ్గర తెచ్చుకున్నదైతే అందులోంచి అవ్వకి పోతుంది. తొమ్మిదోది వాద్యాల రిపేరుకి. పదోది డబ్బాలో, ఎవరికైనా జబ్బు చేస్తే తీస్తాం. లెక్క మాత్రం బండి దిగకముందే అయిపోవాలి, నోట్‌బుక్‌లో ఏడు సంతకాలు పడాలి. "రేపు చూసుకుందాం" అన్న లెక్క ఎప్పుడూ తేలదు.

అమ్మాయిలు టీంలో ఉంటే ఏం జాగ్రత్తలు?

ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడే బట్టలు మార్చుకునే గది, బాత్రూం ఉన్నాయా అని అడగండి. లేవంటే ఒప్పుకోకండి. స్టేజీ ముందు తాగినవాళ్లు గోల చేస్తే పాట ఆపి లైట్లు వేయించండి, నిర్వాహకుల మొహమాటం చూడకండి. తిరుగు ప్రయాణంలో ముందు వాళ్లని ఇంటి గుమ్మం దాకా దింపాలి. వాటా సమానం. "కోరస్ కదా" అని సగం ఇచ్చే టీములు ఉన్నాయి, ఆ టీముల్లో చేరకండి.

టీంని రిజిస్టర్ చేయించాలా?

పెళ్లిళ్లు, జాతరలు, కాలేజీ ఫంక్షన్ల వరకే అయితే తొందర లేదు. ప్రభుత్వ శాఖల కార్యక్రమాలు, గ్రాంట్లు కావాలంటే చేయించుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే నడుస్తోంది, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సొసైటీ పేరుతో పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకుని, ఖాతాలో డబ్బు తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టేలా చూసుకోండి.

రాత్రి పది దాటితే పోలీసులు ఆపుతున్నారు. మన జాతర తెల్లవార్లూ కదా?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగల సందర్భాల్లో ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. అనుమతి కాగితం నిర్వాహకుల దగ్గర ఉందో లేదో ముందే అడిగి ఫోటో తీసుకోండి. లేకపోతే ముఖ్యమైన పాటలన్నీ తొమ్మిదిన్నరలోపు పాడేయండి.

ఒకరు టీం వదిలి వెళ్తే ఆ పాటలు ఎవరివి?

రాసినవాళ్లవి. టీం పేరు టీంకి ఉంటుంది, పాట కట్టినవాళ్లతో పోతుంది. పోయినా ఇద్దరూ పాడుకోవచ్చని ముందే ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. స్నేహం బాగున్న రోజుల్లో రాసుకున్న కాగితమే పనికొస్తుంది. మా దగ్గర వెళ్లిపోయిన తమ్ముడు ఇప్పుడు సిద్దిపేట వైపు సొంత టీం నడుపుతున్నాడు. మా పాటలు రెండు పాడతాడు, పాడే ముందు నా పేరు చెబుతాడు. నేనూ అంతే.

మొదటి ప్రోగ్రాంకి బ్యాగులో ఏం ఉండాలి?

పాటల వరస రాసిన కాగితం, పెద్ద అక్షరాలతో రెండు కాపీలు. మైకు వైరు ఒకటి ఎక్కువ, ఇన్సులేషన్ టేపు. ఫోన్ ఛార్జర్ కన్నా ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు. గోరువెచ్చటి నీళ్ల ఫ్లాస్కు. నిర్వాహకులది కాకుండా ఇంకో మనిషి ఫోన్ నంబరు, ఎందుకంటే డబ్బులిచ్చే టైంకి నిర్వాహకుల ఫోన్ స్విచ్ఛాఫ్ అవుతుంది. పాత పేపర్ల కట్ట, డప్పు కాచుకోవడానికి. అగ్గిపెట్టె మర్చిపోకండి, మా టీంలో ఏడుగురిలో ఒక్కడూ సిగరెట్ తాగడు. మొదటి ప్రోగ్రాం రోజు మంచులో డప్పులు పట్టుకుని అగ్గిపెట్టె కోసం ఊరంతా తిరిగాం.